నలుగురు నాంచారులు

171వ రోజు

హాజరు 63. రానిది ఏడో తరగతి సుబ్బరత్తమ్మ ఒక్కతే, వడదెబ్బ. నీళ్ళ తొట్టిలో పొద్దున అయిదింటికి 410 లీటర్లు, బడి విడిచాక 265. కిటికీ తెరలు రెండుసార్లు దులిపించాను. తొమ్మిదింపావుకే బయట 44 డిగ్రీలు. తొమ్మిదిన్నరకు ఇంటి గంట కొట్టాం.

దుమ్ములో నడిచే బండిలో జిల్లా నుంచి మదింపు పత్రం వచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు ఏటా వచ్చేదే. బడిలో ఎందరున్నారు, ఎవరు ఏ ప్రాంతం నుంచి వచ్చారు, ఎవరికెన్ని మార్కులు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరికి పరీక్ష రాసే అర్హత ఉంది, అన్నీ మదింపు యంత్రం లెక్కకట్టి పంపుతుంది. రోజూ బడి విడిచాక లేఖరిగా నేను హాజరు పట్టీ పేజీని దాని కంటి కింద పెడతాను. అది చదువుకుంటుంది. దానికీ నాకూ మధ్య అంతకుమించి మాటల్లేవు.

హెడ్మాస్టరు షంషాద్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచారు.

"ఓబులేసు గారూ, మన బడిలో పిల్లలెంతమంది?"

"అరవై నాలుగు."

"మళ్ళీ చెప్పండి."

చెప్పాను. ఆమె పత్రాన్ని నా వైపు తిప్పారు. మొత్తం విద్యార్థులు 142. మధ్యలో మానేసినవారు 78.

"నాకు కనపడకుండా డెబ్బై ఎనిమిది మంది వచ్చి, కనపడకుండానే వెళ్ళిపోయారన్నమాట," అన్నారు మేడమ్. నవ్వబోయి ఆగిపోయారు. ఆమె వేలు కింది వరస మీద ఉంది. పదో తరగతిలో పరీక్షకు అర్హులు: అయిదుగురు.

పదో తరగతిలో ఉన్నది పదకొండు మంది. అర్హత లేదన్న ఆరుగురూ మునక పిల్లలు. దివి వైపు ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాక పడవలో బయటపడి, మా ఎర్రదిన్నె మెట్టకు వచ్చి చేరిన తొమ్మిది కుటుంబాల పిల్లల్ని మునక పిల్లలంటారు. బడిలో వాళ్ళు 26 మంది. మిగతా 38 మంది ఇక్కడి మెట్ట పిల్లలు.

మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్ళి కంచాలు లెక్కపెట్టాను. 64. మళ్ళీ లెక్కపెట్టాను. వంటమనిషి ఏం పోయిందని అడిగింది. ఏమీ పోలేదన్నాను.

172వ రోజు

హాజరు 64.

పత్రం వెనక పేర్ల జాబితా ఉంది. ఈ రోజంతా దాన్ని నా పట్టీ పక్కన పెట్టుకుని చదివాను.

కొక్కిలిగడ్డ నాంచారి, పదో తరగతి. ఈ పేరు జాబితాలో నాలుగుసార్లు ఉంది. మొదటి నాంచారి 43 రోజులు వచ్చి మానేసింది. రెండో నాంచారి 45 రోజులు వచ్చి మానేసింది. మూడో నాంచారి 41. నాలుగో నాంచారి ఇంకా చదువుతోంది, హాజరు 40. నాలుగూ కలిపితే 169. పరీక్షకు కావలసింది 135. కానీ ఏ నాంచారికీ విడిగా 135 లేవు.

మార్కులూ అంతే. లెక్కల్లో ఆ పిల్లకు నాలుగు పరీక్షల్లో వచ్చినవి 91, 88, 94, 90. యంత్రం మాత్రం ఒక్కో నాంచారికి ఒక్కో పరీక్ష ఇచ్చి, మిగతా మూడింటికీ సున్నాలు వేసి సగటు కట్టింది. నలుగురికీ ఇరవై రెండూ ఇరవై మూడూ వచ్చాయి. నలుగురూ తప్పారు.

26 మంది మునక పిల్లలూ ఇలాగే నలుగురేసి అయ్యారు. 104. వాళ్ళలో మానేసినవారు నూటికి డెబ్బై అయిదుగురు అని యంత్రం తేల్చింది.

ఎందుకు నాలుగయ్యారో నాకు మధ్యాహ్నానికి తెలిసింది. కుర్చీలోంచి లేచాను. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పై ఒక్క అడుగులు. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు.

తప్పు నా చేతిది.

173వ రోజు

హాజరు 64. తొట్టిలోకి నీళ్ళు గంట ఆలస్యంగా వచ్చాయి.

మేడమ్‌కు చెప్పాను. చెప్పడం నాకు చేతకాదు. పట్టీ తెరిచి చూపించాను.

మునక వాళ్ళకు వంతు అని ఒక ఆచారం ఉంది. పిల్లలు ఒకే ఇంట్లో ఉండరు. మూడు అమావాస్యలకు ఒకసారి ఒక పొయ్యి నుంచి పక్క పొయ్యికి మారతారు. అక్కడే తినడం, అక్కడే ఉండడం, అక్కడి పెద్దల మాటే వినడం. అందరూ సూర్యపలకల మీదే వండుకుంటున్నా ఇల్లు అనరు, పొయ్యి అంటారు. ఏడాదిలో ఒక్కో పిల్ల నాలుగు పొయ్యిల దగ్గర పెరుగుతుంది.

నాకు ముందున్న లేఖరి నివాసం గడిలో అందరికీ కలిపి 'మునక కాలనీ' అని రాసేవాడు. నిరుడు ఒక పిల్లకు వడదెబ్బ తగిలితే, కబురు చెప్పడానికి మేం ఏ తలుపు కొట్టాలో తెలియక నాలుగిళ్ళు తిరిగాం. అప్పుడు నేను బడిలో నీళ్ళు పట్టేవాణ్ణి. ఆ పిల్ల బతికింది కానీ ఎడమ చెవి పోయింది. ఈ ఏడు నన్ను లేఖరిని చేసినప్పుడు, ఏ పిల్ల ఏ పొయ్యి దగ్గరుందో ఇంటి సంఖ్యతో రాయడం మొదలుపెట్టాను. పొయ్యి మారిన రోజే గడి మార్చాను. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

యంత్రానికి పేరూ ఇంటి సంఖ్యా కలిస్తేనే మనిషి. ఇంటి సంఖ్య మారితే పాత మనిషి పోయినట్టు, కొత్త మనిషి వచ్చినట్టు.

"మీరు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదే," అన్నారు మేడమ్.

"లేదు."

"మరి తప్పంటారేంటి?"

ఆమె జిల్లాకు రాశారు. బడి విడవకముందే గోడ మీది పలకలో జవాబు వచ్చింది. సవరణకు అవకాశం ఉంది. గడువు 180వ రోజు. ప్రతి విద్యార్థికీ ఏడాదంతటికీ ఒకే ఇల్లు చూపించాలి. ఆ ఇంటి పెద్ద సంతకం పెట్టాలి. తల్లి, తండ్రి లేదా సంరక్షకుల పేరు రాయాలి. మిగతా నమోదులన్నీ తప్పు అని లేఖరి ఒప్పుకోవాలి.

పదో తరగతి పరీక్ష మనిషికి ఒక్కసారే. పదహారు నిండినవాళ్ళు రాయకపోతే, ఎండను పట్టే అద్దాల మైదానానికి పనికి పంపుతారు. నాంచారికి వచ్చే నెలలో పదహారు నిండుతాయి. ఆ మైదానంలో నేను పద్దెనిమిదేళ్ళు అద్దాలు తుడిచాను. అంకెలు అద్దాల మీద చూసి, అక్షరాలు హెచ్చరిక బోర్డుల మీద చూసి నేర్చుకున్నాను. అక్కడి గురించి ఇంతకంటే రాయను.

174వ రోజు

హాజరు 62.

బడి విడిచాక మేడమూ నేనూ తలలకు తడిగుడ్డలు చుట్టుకుని మునక కాలనీకి వెళ్ళాం. తొమ్మిది రేకుల ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని. పడవ పెద్ద కోటమ్మ గడపలో కూర్చుని తెగిన దుమ్ముతెర కుడుతోంది. వలలు కట్టిన చెయ్యి. ముడులు అవే.

"రాయమ్మా మేడమ్మా. ఏవయ్యా లేకరీ, నువ్వొచ్చావంటే ఎవరో ఒకరు బళ్ళో పడిపోయుంటారు. ఎవరు?"

"ఎవరూ పడలేదు," అన్నాను.

"అయితే ఇంకా పెద్దదే అయ్యుంటది. కూచో."

మేడమ్ అంతా వివరించారు. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. మొదట నవ్వారు. మానేసినవాళ్ళు డెబ్బై ఎనిమిది మంది అంటే ఒకావిడ, "మా ఇళ్ళల్లో అంతమందుంటే వంట ఎవరు చేత్తారమ్మా!" అంది. పరీక్ష మాట వచ్చాక నవ్వులు ఆగిపోయాయి.

"ఒక్క ఇల్లు రాయిస్తే సరిపోద్దా?" అంది కోటమ్మ.

"సరిపోతుంది. ఏ పిల్ల ఏ ఇంటి పిల్లో చెప్పండి. అమ్మానాన్నల పేర్లు చెప్పండి. ఆ ఇంటివాళ్ళు సంతకం పెడితే చాలు."

కోటమ్మ సూది తెరలో గుచ్చి వదిలేసింది.

"పంతొమ్మిది రోజులమ్మా పడవలో. ఎక్కినప్పుడు పదకొండు కుటుంబాలం. దిగినప్పుడు తొమ్మిది. పిల్లలందరూ దిగారు. పెద్దోళ్ళందరూ దిగలేదు. ఎవరికి తల్లి లేదో, ఎవరికి తండ్రి లేడో పిల్లలకి తెలవకూడదని పెట్టుకున్నాం ఈ వంతు. పదకొండేళ్ళయింది. ఇప్పుడు నీ కాయితం మీద ఈ పిల్ల ఈ ఇంటిది, ఈ పిల్లకి ఎవరూ లేరు అని రాయమంటావా?"

"పరీక్ష కోసం," అన్నారు మేడమ్.

"పరీచ్చ ఒక రోజు. రాసింది ఉండిపోద్ది."

ఆడవాళ్ళలో ఒకావిడ, నా ఇల్లు రాయండి అంది. ఇంకొకావిడ, నీ ఇల్లే ఎందుకు, నాంచారికి మా పొయ్యి దగ్గర చేపపులుసు అలవాటయింది, మా ఇల్లు రాయండి అంది. అక్కడితో మొదలైంది. ఎవరు ఏ పిల్లకు జ్వరంలో కూర్చున్నారో, ఎవరు ఎవరికి నడక నేర్పారో, అన్నీ బయటికి వచ్చాయి. ఇద్దరు ఏడ్చారు. కోటమ్మ గట్టిగా అరిచింది.

"చూశావా మేడమ్మా! ఒక ఇల్లు రాస్తే ఎనిమిదిళ్ళకి పిల్ల పోయినట్టే. మీ యంత్రం మమ్మల్ని ముక్కలు చేసిందంటున్నావు. ఈ కాయితం ఇంకో రకంగా చేత్తది."



175వ రోజు

హాజరు 64. నీళ్ళు 400, మిగిలింది 251.

నాంచారి విరామంలో నా బల్ల దగ్గరకొచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంటుంది. మాట గట్టి.

"మావయ్యా, నలుగురు నాంచారులున్నామంట కదా. నలుగురిలో ఒక్కతి కూడా పాసవ్వలేదంట."

నేను పట్టీ మూశాను.

"నలుగురం ఒకే బెంచీ మీద కూచుని కూడా ఒకళ్ళది చూసి ఒకళ్ళం రాసుకోలేకపోయాం. ఎంత మొద్దులం!"

నేను నవ్వలేదు. అది నవ్వు ఆపి నా చేతి వంక చూసింది.

"నన్ను అద్దాలకి పంపుతారా?"

"నూట ఎనభయ్యో రోజు దాకా గడువుంది," అన్నాను.

"అక్కడ ఎట్టా ఉంటది?"

"వేడిగా ఉంటది."

"ఇక్కడ చల్లగా ఉందేంటి?" అంది. "నేను మునిగిన ఊళ్ళ కొలత పడవల్లోకి పోవాలనుకున్నా. పది పాసైతే తీసుకుంటారు. మా ఊరు ఎంత లోతులో ఉందో కొలవాలని. ఊరి పేరు తెలుసుగానీ ఎక్కడుందో తెలవదు."

గంట కొట్టారు. వెళ్ళిపోయింది.

వరండాలో మళ్ళీ తిరిగాను. ముప్పై ఒక్క అడుగులు.

176వ రోజు

హాజరు 64.

జిల్లా నుంచి పరిశీలకుడు వచ్చాడు. పేరు లోకనాథం. నలభై ఏళ్ళుంటాయి. బండి దిగగానే కళ్ళజోడు తుడుచుకుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి, రెండో గ్లాసు వద్దన్నాడు. మర్యాదస్తుడు.

మేడమ్ పిల్లలందరినీ వరండాలో నిలబెట్టారు. "మీరే లెక్కపెట్టుకోండి. అరవై నాలుగు తలలు."

"తలలు సరిగ్గానే ఉన్నాయండీ. నాకు కనపడుతున్నాయి," అన్నాడు. "పత్రానికీ పట్టీకీ తేడా ఉంటే దిద్దుతాను. ఇక్కడ తేడా లేదు. పట్టీలో ఏముందో పత్రంలో అదే ఉంది. మదింపు తప్పు చెయ్యదండీ. ఇచ్చిందే తిరిగి చెప్తుంది. ఇచ్చిన చెయ్యి ఎవరిది?"

నేను చెయ్యెత్తాను. తరగతిలో పిల్లవాడిలా. ఎందుకు ఎత్తానో తెలియదు.

"చక్కటి రాత," అన్నాడు. నిజంగానే అన్నాడు. "ఇంత శుభ్రంగా రాసినవాళ్ళు జిల్లాలో ఇద్దరో ముగ్గురో. చెత్తగా రాసుంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు."

సవరణ పత్రం తప్ప దారి లేదన్నాడు. ఏ ఇల్లని రాస్తారో ఆ ఇల్లు చూస్తానన్నాడు. మదింపు లెక్కలో ఇల్లంటే ఒక తలుపు, ఒక నీటి గొట్టం, ఒక పొయ్యి. అక్కడ పిల్లలు తింటూ ఉండాలి. 182వ రోజున మళ్ళీ వస్తానన్నాడు.

"ఒకే ఇంటి మీద ఎంతమందిని రాయొచ్చు?" అని అడిగాను.

లోకనాథం నా వంక చూశాడు. మేడమ్ కూడా చూశారు. ఆ రోజు నేను నోరు తెరవడం అదే మొదలు.

"పరిమితి లేదు. కొన్ని ఇళ్ళల్లో బంధువుల పిల్లలుంటారు కదా."

బండి వెళ్ళాక మేడమ్ అడిగారు, ఏమాలోచిస్తున్నారని. ఇంకా ఏమీ లేదన్నాను. అది అబద్ధం. ఈ పుస్తకంలో రాసుకుంటున్నాను కాబట్టి ఇక్కడ నిజం రాస్తున్నాను.

177వ రోజు

హాజరు 63.

ఒక్కణ్ణే కాలనీకి వెళ్ళాను. దారిలో చెప్పాల్సిన మాట పదిసార్లు అనుకున్నాను. కోటమ్మ ముందు నిలబడేసరికి సగం పోయింది.

"నా ఇల్లు," అన్నాను.

"నీ ఇంటికేవయింది?"

"నా ఇంటి సంఖ్య రాస్తే. అందరికీ. ఇరవై ఆరుగురికీ. సంరక్షకుడు నేను. అప్పుడు మీ తొమ్మిదిళ్ళల్లో ఏదీ రాయక్కర్లేదు. తల్లి పేరూ అక్కర్లేదు, తండ్రి పేరూ అక్కర్లేదు. అందరికీ ఒకటే."

తెర మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"నువ్వు మా పడవోడివి కాదు."

"కాదు."

"నీకు పెళ్ళాం పిల్లలు ఉన్నారా?"

"లేరు."

"నీ ఇంట్లో పొయ్యి ఉందా?"

నేను బడి వంటగదిలోనే తింటాను. నా గదిలో మంచం, పెట్టె, ఈ పుస్తకాలు, నీళ్ళ కూజా. పదకొండేళ్ళుగా అక్కడ ఏదీ ఉడకలేదు.

"లేదు," అన్నాను.

కోటమ్మ నవ్వింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళూ నవ్వారు. "ఇరవై ఆరుగురు పిల్లలంట, పొయ్యి లేదంట! ఏం తినిపిత్తావయ్యా, హాజరు పట్టీనా?"

నాకు చెవులు కాలాయి. వెళ్ళిపోదామని తిరిగాను.

"ఆగు," అంది. "మాలో ఒక పద్ధతుంది లేకరీ. పిల్ల పేరు ఏ పొయ్యి మీద ఉంటే ఆ పొయ్యి వండి తీరాల. కాయితం మీద ఒక పొయ్యి, కడుపులోకి ఒక పొయ్యి అనేది మాకు లేదు. రాశావంటే వండాల్సిందే. వచ్చే వంతు దాకా. మూడు అమావాస్యలు."

"ఇరవై ఆరుగురికా?"

"నువ్వేగా లెక్క చెప్పింది."

సరే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

178వ రోజు

హాజరు 64. పట్టీలో నేను రాసిన చివరి అంకె ఇది.

సవరణ పత్రాలు ఇరవై ఆరు నింపాను. ఇంటి సంఖ్య 41, పంపు వీధి. సంరక్షకుడు: ఓబులేసు. ఇరవై ఆరుసార్లు నా పేరు రాశాను. ఆఖరున లేఖరి ఒప్పుకోలు.

మేడమ్ పత్రాన్ని చేత్తో కప్పారు.

"చదివారా కింద ఏముందో?"

"చదివాను."

"తప్పుడు నమోదు చేశానని ఒప్పుకున్న లేఖరి మళ్ళీ పట్టీ ముట్టుకోకూడదు. జీవితంలో. ఏ బడిలోనూ. నీళ్ళు పట్టే పనికి కూడా మిమ్మల్ని బడి గేటు లోపలికి రానివ్వరు."

"తెలుసు."

"మీరు రాసిందాంట్లో ఒక్క తప్పు లేదు ఓబులేసు గారూ. జీవితంలో మొదటిసారి అబద్ధం రాస్తున్నారు, అది కూడా నేను అబద్ధాలు రాశానని!"

కంటితో చూసిందే రాస్తానని జూన్‌లో ఈ గదిలోనే ప్రమాణం చేశాను. మేడమ్ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి సంతకం పెట్టాను. రాత వంకరగా వచ్చింది.

పట్టీని ఆమె బల్ల మీద పెట్టాను. ఇకమీద ఆమే రాస్తారు. గేటు దాకా వచ్చి, లోపలికి వెళ్ళిపోయారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నాకు కనపడకూడదని వెంటనే వెనక్కి తిరిగినట్టున్నారు.

179వ రోజు

ఇకనుంచి ఈ రోజులకు నా దగ్గర హాజరు లేదు. అంకెలు మాత్రం అలవాటు కొద్దీ వేస్తున్నాను.

పొద్దున కాలనీ ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. పాత సూర్యపలకను గోడకు ఆనించి, దాని కింద ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి పొయ్యి పెట్టారు. మంచం ఎత్తి బయట పడేశారు. నన్ను అడగలేదు. కోటమ్మ రెండు పెద్ద గిన్నెలు, ఒక గరిటె తెచ్చింది.

"అన్నం వండటం వచ్చా?"

"చూశాను."

"చూత్తే రాదు. నీళ్ళెయ్యి. ఇంకా. ఇంకా ఎయ్యవయ్యా, హాజరేత్తన్నావా చుక్క చుక్కా!"

మొదటి గిన్నె అడుగంటింది. రెండోది గంజి అయింది. తొమ్మిదిన్నరకు బడి విడిచింది. పిల్లలు వచ్చారు. వీధి మలుపు దగ్గర కనపడ్డారు, చిన్నవాళ్ళు ముందు, పదో తరగతివాళ్ళు వెనక, ఎవరి కంచం వాళ్ళ చేతిలో. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను. ఇరవై ఆరు.

గదిలో పట్టలేదు. గుమ్మం నుంచి వీధిలోకి, పంపు దాకా వరసగా కూర్చున్నారు. మాడిన వాసన వస్తోందని ఒక చిన్నది ముక్కు మూసుకుంది. నాంచారి దాని నెత్తి మీద ఒకటిచ్చింది.

"తిను. మావయ్య లెక్క ప్రకారం వండాడు, రుచి ప్రకారం కాదు."

అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. గిన్నెలు తోమేసరికి మధ్యాహ్నం మూడయింది. నడుము పట్టేసింది.

182వ రోజు

లోకనాథం వచ్చాడు. పిల్లలు తింటున్నారు. అతను వీధి వెంట మెల్లగా నడుస్తూ వచ్చాడు, ఒక్కో కంచం పక్క నుంచి. గుమ్మంలో ఆగాడు.

"ఒక తలుపు," అన్నాడు. "ఒక గొట్టం. ఒక పొయ్యి." అడుగు మాడిన గిన్నె వంక, నా చేతి మీది బొబ్బల వంక చూశాడు. "వీళ్ళందరూ ఇక్కడే తింటారా?"

"తింటారు."

"ఇంత చిన్న గదిలో ఎక్కడ పడుకుంటారండీ?"

నాంచారి అన్నం ముద్ద పట్టుకునే జవాబు చెప్పింది. "పడుకునే గడి పత్రంలో లేదు కదండీ."

లోకనాథం పత్రం తిరగేశాడు. నిజంగానే లేదు. పెదవి బిగించాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, కోపం ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు.

"మీరు ఏడాదంతా ఇలాగే వండుతున్నారా?" అని నన్నడిగాడు.

కోటమ్మ గిన్నె పక్క నుంచి నన్నే చూస్తోంది. పత్రంలో ఏడాదంతా అనే రాశాను.

"ఇవాళ వండాను. రేపూ వండుతాను," అన్నాను.

లోకనాథం మళ్ళీ వీధి వరస చూశాడు. తర్వాత ముద్ర వేశాడు. ఇరవై ఆరు సార్లు. వెళ్ళేముందు, "పరీక్ష రోజు గేటు దగ్గర ఇంటి పెద్ద ఉండాలి. పాత నమోదులు యంత్రంలో చెరగవు. అది ఏమైనా అడగొచ్చు," అన్నాడు.

191వ రోజు

మా బడే పరీక్ష కేంద్రం. అయిదున్నరకు మొదలు. జిల్లా నుంచి తెచ్చిన గేటు యంత్రాన్ని లోపలికి వెళ్ళే దారిలో నిలబెట్టారు. ముఖం చూసి, పేరు పిలిచి, కడ్డీ ఎత్తుతుంది. నాకు గేటు బయటే చోటు. నాలుగున్నరకే వచ్చాను. కూర్చోలేకపోయాను.

మెట్ట పిల్లలు అయిదుగురూ వెళ్ళారు. తర్వాత మునక పిల్లల వంతు. యంత్రం మొదటి పిల్లను ఆపింది. "ఈ పేరు మీద ముగ్గురు బడి మానేసినట్టు ఉంది. మీరు వారిలో ఒకరా?"

మేడమ్ ముందే నేర్పారు. కాదు అని చెప్పాలి. ఆ పిల్ల కాదు అంది. కడ్డీ లేచింది. రెండోవాడు కాదన్నాడు. మూడు, నాలుగు, అయిదు.

ఆఖరున నాంచారి.

"కొక్కిలిగడ్డ నాంచారి. ఈ పేరు మీద ముగ్గురు బడి మానేసినట్టు ఉంది. మీరు వారిలో ఒకరా?"

నాంచారి మాట్లాడలేదు. లోపల మేడమ్ చెయ్యి ఊపుతున్నారు, చెప్పు చెప్పు అని. టైము అయిదూ ఇరవై నాలుగు.

"ముగ్గురూ నేనే," అంది నాంచారి. "ఎవరమూ మానలేదు."

"జవాబు అర్థం కాలేదు. మీరు వారిలో ఒకరా?"

"నాంచారీ, కాదను!" అని మేడమ్ లోపలి నుంచి అరిచారు.

"రోజూ వచ్చాను మేడమ్. నూట ఎనభయ్యేడు రోజులొచ్చాను. రాలేదని నేనెట్టా అంటాను?"

"జవాబు అర్థం కాలేదు. ఇంటి పెద్ద ముందుకు రావాలి."

అయిదూ ఇరవై ఆరు. నేను ముందుకు వెళ్ళాను. యంత్రం నా ముఖం చూసింది.

"ఓబులేసు. పూర్వపు లేఖరి. మీ నమోదులు తప్పని మీరే ఒప్పుకున్నారు. లేఖరిగా మీ మాట చెల్లదు. ఇంటి పెద్దగా చెప్పండి. ఈ అమ్మాయి ఎవరు?"

వెనక కోటమ్మ, కాలనీ ఆడవాళ్ళు, తొమ్మిది పొయ్యిల వాళ్ళూ నిలబడి ఉన్నారు. నాకు పట్టీ ఉంటే తెరిచి చూపించేవాణ్ణి. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మా పిల్ల," అన్నాను. చాలా చిన్నగా వచ్చింది. గట్టిగా అన్నాను. "మా పిల్ల. మొదటి రోజు నుంచీ ఒక్కతే. రోజూ వచ్చింది. నేను చూశాను."

యంత్రం దేనికోసమో వెతుక్కుంటున్నట్టు ఆగింది. అయిదూ ఇరవై ఎనిమిది.

"ఇంటి పెద్ద మాట నమోదైంది."

కడ్డీ లేచింది. నాంచారి పరుగెత్తింది. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి లోపలికి వెళ్ళిపోయింది. గంట మోగింది.

పదకొండు మందీ లోపల ఉన్నారు. గేటు ఊచల్లోంచి వాళ్ళ తలలు లెక్కపెట్టాను. రెండుసార్లు. మూడోసారి మొదలుపెడుతుంటే కోటమ్మ భుజం మీద తట్టింది.

"ఇక్కడ నిలబడితే అన్నం ఎవరొండుతారయ్యా?"

ఎనిమిదిన్నరకు బయటికి వస్తారు. బియ్యం ఇంకా కడగలేదు. ఇంటికి వెళ్ళి ఎసరు పెట్టాలి.